ప్రజాసేవకునికి నిజమైన సత్కారం

ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ చేసిననాడు సన్మానసభ జరపడం కార్యాలయాలలో ఆనవాయితీ. శాలువ కప్పుతారు, పూలమాల వేస్తారు, జ్ఞాపికను బహూకరిస్తారు. సహోద్యోగులు ఆయన గుణగణాలను ప్రశంసిస్తారు. ఇది సంస్కారవంతమైన ఆచారమే. అయితే ఆ ఉద్యోగి సంతకం కోసం ఎదురుచూసిన పేదవాని గీటురాయి వేరు. తనకు చట్టప్రకారం రావలసినది తన చేతికి అందినదా, లేదా అన్నదే అతనికి ముఖ్యం. ఆ గీటురాయికి నిలిచిన అధికారులలో అగ్రగణ్యుడు ఎస్.ఆర్. శంకరన్.

శంకరన్ 1934 అక్టోబరు 22న తమిళదేశంలో జన్మించారు. 1957లో ఐ.ఏ.ఎస్.కు ఎంపికై ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగజీవితాన్ని ఆరంభించారు. ఉన్నత పదవులెన్నో నిర్వహించినప్పటికీ, సాంఘిక సంక్షేమ శాఖలో ఆయన చేసిన కృషియే ప్రజల హృదయాలలో సుస్థిర స్థానాన్ని సంపాదించిపెట్టింది.

ఆ కృషి విలువ తెలియాలంటే ఆనాటి వెట్టిచాకిరి స్వరూపం తెలియాలి. పెండ్లికో, వైద్యానికో చేసిన కొద్దిపాటి అప్పుకు బదులుగా పేదవాడు భూస్వామి ఇంట పనికి కుదిరేవాడు. తెలంగాణలో ఈ పద్ధతిని భగేలా అనేవారు. ఎంత చాకిరి చేసినా వడ్డీ తరిగేది కాదు. అసలు తీరేది కాదు. తండ్రి బాకీకి కొడుకు బందీ అయ్యేవాడు. 1975 అక్టోబరులో వెలువడిన ఆర్డినెన్సు, దాని స్థానంలో 1976లో వచ్చిన చట్టం ఈ దురాచారాన్ని నిషేధించాయి. వెట్టికి మూలమైన బాకీలన్నీ రద్దయ్యాయి. ఆ అప్పు వెట్టికి సంబంధించినది కాదని నిరూపించవలసిన భారం అప్పిచ్చినవానిపైనే ఉంచబడింది. విముక్తులైన వారికి పునరావాసం కల్పించేందుకు 1978లో నాలుగువేల రూపాయల సహాయ పథకం కూడా ఏర్పడింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, దాని ఫలం దానంతట అది పేదవాని గుడిసెకు చేరదు. వెట్టివానికి చదువు రాదు. చట్టం వచ్చిన సంగతియే తెలియదు. తెలిసినా, యజమానిని ఎదిరించి కార్యాలయానికి వెళ్ళే ధైర్యం చాలదు. వెళ్ళిన రోజున కుటుంబానికి తిండి గడవదు. అధికారి తనను గుర్తించి విడుదల పత్రం ఇవ్వనిదే అతనికి పునరావాస సహాయం దక్కదు. కనుక తమ ప్రాంతంలో వెట్టి లేదని అధికారి ఒక్క వాక్యం వ్రాసి పంపితే, బ్రతికి ఉన్న మనుషులు కాగితం మీద అదృశ్యమవుతారు.

శంకరన్ ఆ వాక్యాన్ని నమ్మి ఊరుకోలేదు. పేదవాడు కార్యాలయానికి రాలేనప్పుడు కార్యాలయమే పేదవాని వద్దకు వెళ్ళాలన్నది ఆయన విధానం. స్వయంగా పల్లెలలో పర్యటించి, వెట్టి కూలీలకు వారి హక్కులను తెలియజెప్పారు. దళిత, గిరిజన బాలబాలికల వసతి గృహాల విస్తరణకు శ్రద్ధ వహించారు. అవివాహితుడైన ఆయన తన సంపాదనలో చాలా భాగాన్ని పేద విద్యార్థుల చదువులకు వెచ్చించారు.

ఇట్టి నిష్ఠ అందరికీ రుచించదు. ఆయన పనితీరు పాలకులకు నచ్చని సందర్భమూ వచ్చింది. అంతట ఆయన త్రిపురకు వెళ్ళి, నృపేన్ చక్రవర్తి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ఆ రాష్ట్ర ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. చివరకు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా 1992లో పదవీ విరమణ చేశారు.

పదవి ముగిసినా సేవ ముగియలేదు. మానవ మలాన్ని మనుషుల చేత ఎత్తించే పాకీపనిని 1993లో చట్టం నిషేధించింది. అయినా ఆ పని సాగుతూనే ఉండేది. తమ పరిధిలో పాకీపనివారే లేరని ప్రభుత్వాలు కాగితాలపై చెప్పసాగాయి. వెట్టి విషయంలో కనిపించిన అదృశ్యమే ఇక్కడా పునరావృతమైంది. ఈ దురవస్థపై పోరాడిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కు శంకరన్ మార్గదర్శకులయ్యారు. 2003లో ఆ సంస్థ సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2013లో పునరావాసాన్ని కూడా చేర్చిన కొత్త చట్టం వచ్చింది. 2014లో న్యాయస్థానం తీర్పు వెలువరించింది. వాటిని చూడకుండానే 2010 అక్టోబరు 7న హైదరాబాదులో శంకరన్ కన్నుమూశారు.

2005లో భారత ప్రభుత్వం ప్రకటించిన పద్మభూషణ్ పురస్కారాన్ని ఆయన వినయంగా నిరాకరించారు. ఆయన మరణానంతరం హైదరాబాదులోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో గ్రామీణ శ్రామికుల అధ్యయనం కోసం ఆయన పేర ఒక పీఠం ఏర్పడింది. బ్రతికి ఉండగా బిరుదును వలదన్న వ్యక్తికి, ఆయన జీవితమంతా తలపోసిన శ్రామికుల పేరిట జరిగిన ఈ గౌరవం ఎంతో సముచితమైనది.

పింఛను, ఉపకారవేతనం, ఇంటిస్థలం మొదలైనవి ఏ అధికారీ పెట్టే భిక్షలు కావు. అర్హులైన పౌరులకు చట్టం ఇచ్చిన హక్కులు. వాటిని అడుగలేని వానిని వెదకి వెళ్ళి అందించడమే ప్రజాసేవకుని ధర్మం. నేటి విద్యార్థులలో కొందరు రేపు ఆ కుర్చీలలో కూర్చుంటారు. తమ ముందుకు వచ్చిన అర్జీలతోపాటు, అర్జీ వ్రాయలేక ఊరిలోనే ఉండిపోయిన మనిషిని కూడా వారు తలచుకొన్ననాడు శంకరన్ వంటి అధికారికి నిజమైన సత్కారం జరిగినట్లు.