అంబాసిడర్ అద్దం ఎందుకు మసకబారుతుంది?

వానలో పాత అంబాసిడర్ కారు ఎక్కి తలుపులేసుకోండి. కాసేపట్లో ముందు అద్దం మసకబారుతుంది, అదీ లోపలివైపు! మన ఊపిరిలో, తడి బట్టల్లో, కాళ్ల కింద నానిన పట్టాలో ఉన్న తేమ ఆవిరై, వానకు చల్లబడ్డ అద్దాన్ని తాకి సన్నని బిందువులవుతుంది. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు బయట చెమ్మ పట్టినట్టే. ఒక్కో బిందువూ వెలుగును చెదరగొడుతుంది, అందుకే దారి కనబడదు.

ఇప్పటి కార్లలో ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. 1950ల్లో ఉత్తరపారా కర్మాగారంలో తయారైన తొలి అంబాసిడర్లలో ఏసీ లేదు. మరి ఎలా? కిటికీలు వేలెడంత దించితే తేమగాలి బయటికి పోతుంది. నాకు బాగా నచ్చిన ఉపాయం సబ్బు. అద్దం లోపల పలుచగా రాసి, పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవాలి. అప్పుడు నీరు బిందువులు కట్టకుండా పల్చటి పొరలా పరుచుకుంటుంది. అరచేత్తో మాత్రం తుడవకండి, జిడ్డంటుకుంటుంది.