పరమాణువుకి టియర్‌డౌన్ ఎలా చేశారు?

కొత్త ఫోన్ రాగానే మనలో చాలామంది వెతికేది టియర్‌డౌన్ వీడియో. బ్యాక్ ప్యానెల్ వేడి చేసి, స్క్రూలు విప్పేస్తే లోపల ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది. మరి స్క్రూలే లేని పరమాణువు సంగతేంటి? దాని సైజు సుమారు 0.1 నానోమీటర్. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యమే దాదాపు 400 నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది. అంటే ఎంత మంచి ఆప్టికల్ మైక్రోస్కోప్ పెట్టినా దాని లోపల చూడలేం.

సోర్స్ కోడ్ చేతికివ్వని సర్వర్‌తో పని పడితే నేను చేసేది ఒక్కటే. రిక్వెస్టులు పంపి, ఏం తిరిగొస్తుందో లాగ్ చేస్తాను. 1909లో మాంచెస్టర్ యూనివర్సిటీలో జరిగింది కూడా ఇంచుమించు ఇదే. ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ ల్యాబ్‌లో హాన్స్ గైగర్, ఇరవయ్యేళ్ల స్టూడెంట్ ఎర్నెస్ట్ మార్స్‌డెన్ కలిసి బంగారం, ప్లాటినం లాంటి లోహాల మీదికి ఆల్ఫా కణాలు వదిలారు. వాళ్ల సెన్సర్ జింక్ సల్ఫైడ్ పూసిన స్క్రీన్. కణం తగిలితే చిన్న మెరుపు వస్తుంది. చీకటి గదిలో మైక్రోస్కోప్‌లో చూస్తూ ఆ మెరుపుల్ని ఒక్కొక్కటిగా కళ్లతోనే లెక్కపెట్టారు.

అప్పట్లో నడుస్తున్న థామ్సన్ మోడల్ ప్రకారం పాజిటివ్ ఛార్జ్ పుచ్చకాయ గుజ్జులా అంతటా పరుచుకుని ఉండాలి. అలాగైతే కణాలు కాస్త పక్కకి వంగొచ్చు కానీ వెనక్కి రాకూడదు. ప్లాటినం మీద మాత్రం సుమారు 8,000లో ఒకటి వెనక్కి వచ్చేసింది!

8,000లో ఒకటంటే నాయిస్ అని కొట్టిపారేయొచ్చు. రూథర్‌ఫర్డ్ అలా వదల్లేదు. ఛార్జ్, దాదాపు బరువంతా మధ్యలో అతి చిన్న చోట ఉంటేనే అంత గట్టి దెబ్బ తగులుతుందని 1911లో లెక్కతో చూపించారు. అదే కేంద్రకం. ఏ కోణంలో ఎన్ని కణాలు రావాలో ఫార్ములా కూడా ఇచ్చారు. 1913లో గైగర్, మార్స్‌డెన్ కొలిచి చూస్తే లెక్క సరిపోయింది.

ఈ ట్రిక్ ఇంకా పాతబడలేదు. చిప్‌ల తయారీలో వాడే పల్చటి పొరల్ని పరీక్షించడానికి వాటి మీదికి హీలియం అయాన్లు పంపుతారు. తిరిగొచ్చిన అయాన్ శక్తిని బట్టి ఏ మూలకం ఎంత లోతులో ఉందో చెప్పేస్తారు. దీని పేరే రూథర్‌ఫర్డ్ బ్యాక్‌స్కాటరింగ్.

ఈసారి బెంచ్‌మార్క్ గ్రాఫ్‌లో ఒక్క పాయింట్ తేడాగా కనిపిస్తే, యావరేజ్‌లో కలిపేసే ముందు ఇంకోసారి టెస్ట్ రన్ చేసి చూడండి.