వెలుగునీడల కొలత

ఇంద్రియాలన్నింటిలోనూ కన్ను ప్రధానమని పెద్దలు చెబుతారు. ఆ మాటలోని సత్యాన్ని గ్రహించడానికి హనుమకొండలోని వేయిస్తంభాల గుడి చక్కని నిదర్శనం. కాకతీయ రుద్రదేవుడు క్రీ.శ. 1163లో నిర్మించిన ఈ త్రికూటాలయం శివ, కేశవ, సూర్యులకు అంకితమైనది. మిట్టమధ్యాహ్నం మంటపంలో నిలిచినవారికి నునుపైన నల్లరాతి స్తంభాల మీది సన్నని చెక్కడాలు కనిపిస్తాయి. తల తిప్పి చూస్తే వెలుపల ఎండలో మెరిసే నీలాకాశమూ కనిపిస్తుంది. ఇదే దృశ్యాన్ని సాధారణమైన కెమెరాతో చిత్రీకరిస్తే, స్తంభాలు స్పష్టంగా వచ్చినప్పుడు ఆకాశం తెల్లకాగితంలా వెలిసిపోతుంది. ఆకాశం నీలంగా వచ్చినప్పుడు స్తంభాలు నల్లని ముద్దలుగా మిగిలిపోతాయి. కన్ను గ్రహించగల వెలుగునీడల మేర విశాలమైనది. యంత్రం చూపగల మేర పరిమితమైనది. ఈ అంతరాన్ని తగ్గించే ప్రయత్నం నుండి పుట్టినదే ‘హై డైనమిక్ రేంజ్’. దీనినే సంక్షిప్తంగా హెచ్.డి.ఆర్. అంటారు.

తెర నుండి వెలువడే కాంతిని ‘నిట్’ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒక చదరపు మీటరు వైశాల్యానికి ఒక కాండెలా చొప్పున వెలువడే కాంతి ఒక నిట్. మన దేశంలో 1982లో రంగుల ప్రసారాలు మొదలైన కాలంలో టెలివిజన్లన్నీ గాజు గొట్టపు తెరలే. ఆ తెరల శక్తిని దృష్టిలో ఉంచుకొని, చిత్రంలోని అతి తెల్లని భాగానికి సుమారు 100 నిట్ల హద్దును పాటించారు. కాలక్రమంలో తెరలు పలుచబడ్డాయి. వాటి ప్రకాశం అనేక రెట్లు పెరిగింది. కాని చిత్రాలను తయారుచేసే పద్ధతి మాత్రం చాలాకాలం పాత హద్దులోనే ఉండిపోయింది. 2014లో రూపొందిన కొత్త ప్రమాణం ఈ హద్దును 10,000 నిట్ల వరకు విస్తరింపజేసింది. 2016లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఈ పద్ధతిని తన ప్రమాణాలలో చేర్చింది. అదే సంవత్సరం ఇళ్ళలో వాడే వీడియో ఆటల యంత్రాలలోనూ ఈ సౌకర్యం ప్రవేశించింది.

వెలుగుతో పాటు వర్ణాల సంఖ్యా పెరిగింది. పాత పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కదానికి 256 మెట్లు ఉండేవి. వాటి కలయికతో సుమారు 1 కోటి 67 లక్షల వర్ణాలు ఏర్పడేవి. కొత్త పద్ధతిలో ఒక్కొక్క రంగుకు 1,024 మెట్లు ఉంటాయి. అందువల్ల వర్ణాల సంఖ్య 107 కోట్లు దాటింది. సంధ్యాకాశంలో ఒక రంగు మరొక రంగులోకి జారే చోట పాత తెరలపై కనిపించే చారలు ఇప్పుడు చాలావరకు తగ్గడానికి ఇదే కారణం.

అయితే ఇంతటి సౌకర్యం కూడా సరిగా అమర్చుకోనప్పుడు నిరాశనే మిగులుస్తుంది. వరంగల్లులోని ఒక కుటుంబం కొత్త టెలివిజన్ కొన్నదని భావించవచ్చు. పిల్లలు ఆటను ప్రారంభించి హెచ్.డి.ఆర్.ను ఎంచుకోగానే బొమ్మ మసకబారుతుంది. తెర చెడిపోయిందని, డబ్బు వృథా అయిందని ఇంటివారు బాధపడతారు. నిజానికి తెరలో లోపం ఉండకపోవచ్చు. పాత పద్ధతిలో తెలుపు ఎంత వెలగాలో చూసేవారే నిర్ణయించుకునేవారు. పగటి వెలుగులో దానిని 300 నిట్ల వరకు పెంచుకున్నా అడ్డులేదు. కొత్త పద్ధతిలో ప్రతి సంకేతానికీ ఒక నియతమైన నిట్ల విలువ ఉంటుంది. సాధారణ దృశ్యంలోని తెలుపు సుమారు 200 నిట్ల వద్ద ఉండి, సూర్యబింబం, దీపశిఖ, లోహపు మెరుపు వంటివి మాత్రమే అంతకు మించి ప్రకాశిస్తాయి. అందుచేత కిటికీలు తెరచిన గదిలో ఈ చిత్రం మొదట తక్కువ వెలుగుతో ఉన్నట్లు తోస్తుంది.

దీనికి మరొక కారణమూ ఉన్నది. తక్కువ ధర గల అనేక తెరలు 300 లేక 400 నిట్లకు మించి వెలగలేవు. 1,000 నిట్ల దృశ్యం అందినప్పుడు టెలివిజన్ దానిని తన శక్తికి తగినట్లు కుదిస్తుంది. దీనిని ‘టోన్ మ్యాపింగ్’ అంటారు. సినిమా ముందే పూర్తయిన చిత్రం. ఆట అలా కాదు. ఆటలోని ప్రతి దృశ్యాన్నీ యంత్రం అప్పటికప్పుడే గీస్తుంది. కనుక తెర శక్తి ఎంతో యంత్రానికి ముందే తెలిపితే, దానికి తగినట్లే గీయగలదు. అలా తెలుపనప్పుడు ఆట ఒకసారి, టెలివిజన్ మరొకసారి వెలుగును కుదిస్తాయి. రెండుమార్లు కుదించిన చిత్రంలో మేఘాల అంచులు చెరిగిపోతాయి. నీడలో దాగిన ప్రత్యర్థి కనిపించడు. ఆటలో ఓటమికి ఆటగాని నైపుణ్యలోపం కాక తెర అమరికే కారణం కావచ్చు.

ఈ అమరికకు ఒక క్రమం ఉన్నది. మొదట, యంత్రాన్ని కలిపిన హెచ్.డి.ఎం.ఐ. ద్వారానికి సంబంధించి టెలివిజన్‌లో విస్తృత సంకేతాన్ని స్వీకరించే ఎంపికను తెరవాలి. పిమ్మట ‘గేమ్ మోడ్’ను ఎంచుకోవాలి. సెకనుకు 60 చిత్రాలు మారే ఆటలో ఒక్కొక్క చిత్రం నిలిచే కాలం సుమారు 16.7 మిల్లీసెకన్లు. సాధారణ రీతిలో టెలివిజన్ బొమ్మకు మెరుగులు దిద్దుతూ అంతకంటె ఎక్కువ కాలం ఆలస్యం చేయవచ్చు. గేమ్ మోడ్ ఆ ఆలస్యాన్ని తగ్గిస్తుంది. మూడవది, గదిలోని వెలుగును బట్టి తెర తనంతట తానే మారే సౌకర్యాలను నిలిపివేయాలి. నాలుగవది, కుదింపు పనిని ఆటకే విడిచిపెట్టే ‘హెచ్.జి.ఐ.జి.’ అనే ఎంపిక ఉన్నట్లయితే దానిని స్వీకరించాలి.

ఆ తరువాతనే యంత్రంలోని సర్దుబాటు తెరల వద్దకు రావాలి. వీటిలో ఒక గుర్తు, దాని చుట్టూ వేరొక ఛాయ కనిపిస్తాయి. తెలుపును సర్దేటప్పుడు గుర్తు చుట్టూ ఉన్న తెలుపులో దాదాపు కలిసిపోయేంత వరకు వెలుగును పెంచి, కనిపించీ కనిపించని స్థితిలో ఆగాలి. నలుపును సర్దేటప్పుడు గుర్తు చీకటిలో మునిగిపోయే అంచువద్ద ఆగాలి. ఈ పనిని ప్రతిదినం ఆడే గది వెలుగులోనే చేయాలి. చివరగా, ఆటలో సాధారణ తెలుపును సర్దే సూచిక వేరుగా ఉంటే, కన్ను అలసిపోని చోట దానిని నిలపాలి.

ఇక్కడ పేర్ల వల్ల ఒక పొరపాటు జరిగే అవకాశం ఉన్నది. ‘బ్రైట్‌నెస్’ అనే సూచిక కొన్ని టెలివిజన్లలో తెర వెనుక దీపపు వెలుగును, మరికొన్నింటిలో నలుపు లోతును మారుస్తుంది. రెండవ రకపు టెలివిజన్‌లో వెలుగు కోసం దానిని పెంచితే నలుపంతా బూడిదరంగుగా మారుతుంది. సూచిక పేరును కాక, దానిని కదిపినప్పుడు తెరపై కలిగే మార్పును గమనించడమే వివేకం.

అంగడిలో అన్నిటికంటె ఎక్కువగా వెలిగే తెరయే ఉత్తమమైనదని చాలామంది తలుస్తారు. పెట్టె మీద హెచ్.డి.ఆర్. అని ఉన్నంత మాత్రాన తెరకు చాలినంత కాంతి ఉందని చెప్పలేము. ఆ సంకేతాన్ని స్వీకరించడం వేరు, దానిని చూపగలగడం వేరు. కొనేముందు తెర గరిష్ఠ ప్రకాశాన్ని, నలుపును చూపే తీరును విచారించాలి. ఉన్న తెరను మార్చే ముందు అమరికను పరీక్షించాలి.

1213లో రేచర్ల రుద్రుడు నిర్మించిన రామప్ప గుడిలోని మదనికల శిల్పాలు నల్లరాతిలో చెక్కినవి. నునుపైన ఆ రాతి మీద వెలుగు ఒక అంచున మెరిసి, మరొక వంపున నీడగా జారడం వల్లనే వాటి రూపం స్ఫుటమవుతుంది. అంతటా వెలుగే నిండితే శిల్పం కనబడదు; అంతటా చీకటే నిండినా కనబడదు. నేటి తెరకూ అదే నియమం వర్తిస్తుంది. వెలుగును పెంచడం సులభం. నీడను కాపాడుతూ వెలుగును నిలపడమే సరైన అమరిక.