తుపాకి బోరు

సంవత్సరమున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమునకే నోచుకొన్న అనంతపురపు సీమలో, అందును రాయదుర్గము వంటి మెట్టతావున, బోరు అనినంతనే జనులకు స్ఫురించునది కఱకురాతిని ఆఱున్నర అంగుళముల వెడల్పున తొలిచి జలమునకై దించిన రంధ్రమేకాని వేఱొండు గాదు. తుపాకి లైసెన్సులో '12 బోరు' అని చూచి, అవి పండ్రెండు మిల్లీమీటర్లో, పండ్రెండు తూటాలో యని భ్రమించువారును కలరు.

ఈ సంఖ్య కొలతనుండి గాక తూనికనుండి పుట్టినది. ఒక పౌను, అనగా సుమారు 454 గ్రాముల సీసమును సమానముగా పండ్రెండు గుండ్లుగా పోసినయెడల, అందొక్కటి ఏ గొట్టమున సరిగా ఇముడునో అది 12 బోరు. దాని లోపలి వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. అదే సీసమును పదునాఱు గుండ్లు చేసినచో గుండు చిన్నదగును గావున 16 బోరు గొట్టము 16.8 మిల్లీమీటర్లకు, 20 బోరు 15.6 మిల్లీమీటర్లకు దిగును. అంకె పెరిగినకొలది గొట్టము సన్నగిల్లు ఈ విపరీతగణితము క్రొత్తవారిని తికమకపెట్టుట వింతగాదు. 410 బోరని వాడుకలో పిలువబడునది మాత్రము ఈ లెక్కకు లోబడదు. అది అంగుళమున వేయింట 410 వంతులు.

లోపల మెలికగాళ్లు చెక్కి గుండును గిరగిర త్రిప్పు రైఫిళ్లలో కొన్నింటికిని అంగుళపు కొలతయే. మన పోలీసులు చిరకాలము మోసిన 303 అట్టిది. పూర్వపు ఫిరంగికైతే ఇనుపగుండు బరువే పేరు: ఆఱు పౌన్లదానికంటె పదునెనిమిది పౌన్లది పెద్దది.