వంద వాట్ల ప్యానెల్ ఇచ్చేది ఎంత?

మడతపెట్టి సంచీలా భుజానికి తగిలించుకునే సోలార్ ప్యానెల్, చేత్తో మోసుకెళ్లే బ్యాటరీ పెట్టె. ఈ జత ఇప్పుడు ఆన్‌లైన్ దుకాణాల్లో తేలిగ్గానే దొరుకుతోంది. కంపెనీలు పెట్టెను పోర్టబుల్ పవర్ స్టేషన్ అంటాయి. దాని లోపల లిథియం బ్యాటరీ, దాన్ని కాపాడే సర్క్యూట్, 230 వోల్టుల కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఉంటాయి. ప్యానెల్‌ను ఎండలో పెట్టి వైరు తగిలిస్తే కరెంటు సిద్ధమని ప్రకటన చెబుతుంది. తీరా కొన్నాయన మేడ మీద ప్యానెల్ పరిచి పెట్టె తెర వైపు చూస్తే, 100 వాట్లు రావాల్సిన చోట 68 కనిపిస్తుంది. డబ్బులు పోయాయనుకుంటాడు.

నిజానికి ప్యానెల్ బాగానే పనిచేస్తోంది.

ప్యానెల్ వెనక అచ్చువేసే అంకె ప్రయోగశాలలో తేల్చింది. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడుతూ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పుడు వచ్చేది అంత. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మేడ మీద పరిచిన నల్లటి ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. 25 దాటాక ప్రతి డిగ్రీకి సిలికాన్ సెల్ సుమారు 0.35 నుంచి 0.4 శాతం శక్తి కోల్పోతుంది. అంటే వేడి ఒక్కటే 12 నుంచి 14 శాతం మింగేస్తుంది. మిగిలిన కోత దుమ్ముది, వాలు కుదరకపోవడానిది, వైరుది. సోలార్‌కు కావాల్సింది వెలుతురే తప్ప వేడి కాదు. అందుకే ప్యానెల్‌ను కాలుతున్న గచ్చుకు ఆనించకుండా, కింద గాలి ఆడేలా నిలబెట్టడం మేలు.

ఇంతకీ రోజుకు ఎంత వస్తుంది? ఆంధ్ర, తెలంగాణల్లో సగటున రోజుకు 5 గంటల నిండు ఎండకు సమానమైన వెలుతురు పడుతుంది. 100 వాట్ల ప్యానెల్ నుంచి 70 చొప్పున లెక్కేస్తే 350 వాట్-అవర్లు. కొన్నాయన లెక్క చూసుకోవాల్సింది దీంతోనే. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఆరు గంటలకు 54, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 240. 5000 ఎంఏహెచ్ ఫోను ఒకసారి నిండడానికి 20 పైచిలుకు. ఇక్కడికే రోజు రాబడి దాదాపు అయిపోయింది. ఇన్వర్టర్ తనకోసం తినేది అదనం, ఏమీ తగిలించకపోయినా అది కొన్ని వాట్లు తింటూనే ఉంటుంది. కాబట్టి ఫోన్లను యూఎస్‌బీ రంధ్రం నుంచే చార్జ్ చేసి, అవసరం లేనప్పుడు ఏసీ మీట ఆపేయడం మంచిది. పాత రకం ఫ్యాను 70 వాట్లు లాగుతుంది కనుక ఈ లెక్కలో ఇమడదు. ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ పొయ్యి ఊసే వద్దు.

నీడ ఇంకా పెద్ద శత్రువు. సెల్స్ వరసగా, ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. కొబ్బరాకు నీడో, దండెం మీది చీర నీడో ఒక మూల పడినా మొత్తం వరస కరెంటు తగ్గిపోతుంది. నీడ పడిన సెల్స్‌ను తప్పించి కరెంటుకు దారిచ్చే బైపాస్ డయోడ్లు కొంత ఆదుకుంటాయి కానీ, చిన్న ప్యానెల్‌లో వాటి సంఖ్యా తక్కువే. దట్టంగా మబ్బు పట్టిన రోజు రాబడి పది, ఇరవై శాతానికి పడిపోవడం మామూలే. ఏడాదంతా ఒకేచోట ఉంచేట్టయితే దక్షిణానికి తిప్పి 15 నుంచి 18 డిగ్రీల వాలు ఇస్తే చాలు. మే మొదటి పక్షంలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అప్పుడు వెల్లకిలా పరిచినా నష్టం లేదు.

డబ్బు తగలేసే పొరపాటు మాత్రం వైరింగ్‌లో జరుగుతుంది. చిన్న పెట్టెలు చాలావరకు 28, 30 వోల్టులకు మించి తట్టుకోలేవు. '12 వోల్టుల ప్యానెల్' అని అమ్మేదాన్ని దేనికీ తగిలించకుండా కొలిస్తే దాదాపు 22 వోల్టులు చూపిస్తుంది. 'ఒకటి సరిపోలేదు, రెండు పెడదాం' అని సిరీస్‌లో కలిపితే 44 అవుతుంది, పెట్టె లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. ప్యారలల్‌లో కలిపితే వోల్టేజి 22 దగ్గరే ఉండి ఆంపియర్లు పెరుగుతాయి. వోల్టేజి పరిమితిలో ఉంటే ప్యానెల్ కాస్త పెద్దదైనా భయం లేదు, సాధారణంగా పెట్టె తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. మబ్బు రోజున ఆ పెద్ద ప్యానెలే ఆదుకుంటుంది కూడా. ప్లస్, మైనస్ మారలేదని తగిలించేముందు మల్టీమీటరుతో చూసుకోవడం మరవకూడదు.

ప్యానెల్ కరెంటును బ్యాటరీకి అందించే చార్జ్ కంట్రోలర్ రకమూ చూడాలి. ప్యానెల్ మంచి ఎండలో 18 వోల్టుల దగ్గర ఎక్కువ శక్తినిస్తుంది. చవక రకం పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ వోల్టేజికి, అంటే 13 దగ్గరికి, లాగేస్తుంది. 5.5 ఆంపియర్లను 13తో గుణిస్తే 72 వాట్లే. ఎంపీపీటీ రకం ఆ పైవోల్టులను వృథా కానివ్వకుండా ఆంపియర్లుగా మారుస్తుంది. ఇక బ్యాటరీ విషయంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానిదే పైచేయి. బరువు కాస్త ఎక్కువైనా రెండు, మూడు వేల సార్లు నింపి వాడుకోవచ్చు. ఏ రకమైనా ఎండలో మాడ్చకూడదు. ప్యానెల్ ఎండలో, పెట్టె నీడలో ఉండాలి.

ఈ చివరి మాట పట్టించుకోని వస్తువొకటి బజారులో బాగా అమ్ముడవుతోంది. అదే వీపున సోలార్ సెల్ అతికించిన పవర్ బ్యాంకు. అరచేయంత సెల్ నుంచి నిండు ఎండలోనూ రెండు, మూడు వాట్లకు మించి రావు. 20,000 ఎంఏహెచ్ బ్యాంకులో పట్టేది 74 వాట్-అవర్లు. నిండాలంటే వారం దాకా ఎండబెట్టాలి, అన్ని రోజులూ బ్యాటరీ ఎండకు కాగుతూనే ఉంటుంది. అది బొమ్మ, అంతే.

ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవాళ్లు ఈ పెట్టె కోసం తొందరపడనక్కర్లేదు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. అయితే దాన్ని భుజాన వేసుకుని మేడ ఎక్కలేం. ఆ అవసరం విపత్తులప్పుడు తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటాక నగరంలో కరెంటు రోజుల తరబడి లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో కింది అంతస్తులు మునిగి జనం పైన చిక్కుకుపోయారు. అలాంటి చోట ఒక ఫోను, ఒక దీపం బతికించడానికి 100 వాట్ల ప్యానెల్ చాలు.

ఈ పెట్టె అమెరికాలో చవగ్గా వస్తుందని పిల్లల చేత తెప్పించుకోవాలనుకునే వారికి ఒక హెచ్చరిక. విమానంలో విడి బ్యాటరీలను చేతిసంచీలోనే తేవాలి, అదీ 100 వాట్-అవర్ల వరకే. 160 వరకు విమాన సంస్థ ఒప్పుకోవాలి, ఆపైన ప్రయాణికులకు అనుమతి లేదు. మామూలు పవర్ స్టేషన్ 250 దగ్గర మొదలవుతుంది, అంటే ఇక్కడే కొనాలి.

కొన్నాక తీరప్రాంతం వాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. తుపాను ముసిరిన రోజు సోలార్ నుంచి వచ్చేది దాదాపు సున్నా. హెచ్చరిక వినగానే పెట్టెను గోడ ప్లగ్గు నుంచి నిండా చార్జ్ చేసి, ప్యానెల్‌ను మేడ మీద నుంచి దించి ఇంట్లో పెట్టుకోండి.