కంటికురుపు: గిల్లవద్దు, కాపడం పెట్టండి

జీవితంలో ఒక్కసారైనా కంటికురుపు రాని మనిషి అరుదు. రెప్ప అంచున చిన్న ఎర్రని పొక్కుగా మొదలై, రెండు మూడు దినాలలో చీము పట్టి, వారం పది దినాలలో తనంతట తానే పగిలి మానిపోవడం దీని సహజగతి. ఇంత అల్పమైన వ్యాధికి ఒక వ్యాసం అవసరమా అని పాఠకులు అనుకోవచ్చును. కాని నా వద్దకు వచ్చేవారిలో కురుపు వల్ల బాధపడినవారికన్న, కురుపుకు ఇంట్లో చేసిన వైద్యం వల్ల బాధపడినవారే ఎక్కువ. అందువలన ఈ విషయాన్ని కొంత విపులంగా వ్రాయదలచాను.

సుశ్రుతాచార్యులు ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలను చెప్పి, వాటిలో 21 రెప్పలకు సంబంధించినవిగా వివరించారు. కంటికురుపును అక్కడ 'అంజననామిక' అన్నారు. మంట, పోటు కలిగి, రాగిరంగులో, మెత్తగా ఉండే చిన్న పిడక అని దాని లక్షణం. వాగ్భటుడు పెసరగింజంత ఉంటుందని పరిమాణం కూడా చెప్పాడు. రక్తదోషం వల్ల పుట్టేదనీ, సాధ్యవ్యాధి అనీ ఆచార్యుల అభిప్రాయం. ఇదే కోవలో 'లగణం' అని మరొకటి కలదు. అది రేగుపండులా గట్టిగా, నొప్పి లేకుండా, పాకానికి రాకుండా ఉంటుంది. ఈ రెండింటినీ ఒకటిగా భావించి ఒకే వైద్యం చేయడం తరచు జరుగుతున్నది. నొప్పి, ఎరుపు ఉంటే కురుపు. నొప్పి లేని గట్టి గడ్డ నెలల తరబడి ఉంటే లగణం అని స్థూలంగా గుర్తు పెట్టుకొనవచ్చును.

ఆధునిక వైద్యులు చెప్పే కారణం కూడా తెలుసుకొనవలెను. పై రెప్పలో సుమారు 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు నూనెగ్రంథులు ఉంటాయి. ఇవి గాక వెంట్రుకల మొదళ్ళ వద్ద మరికొన్ని చిన్న గ్రంథులు ఉన్నాయి. కన్నీరు తొందరగా ఆరిపోకుండా కాపాడేది ఈ నూనెయే. గ్రంథి ద్వారం మూసుకొని నూనె నిలిచిపోయినప్పుడు, అక్కడ స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి చేరి చీము పుట్టిస్తుంది. ఆ జీవి ఎక్కడినుంచో రానక్కరలేదు. ఆరోగ్యవంతులలో కూడా చాలామంది చర్మంపైన, ముక్కు లోపల అది నివసిస్తూనే ఉంటుంది. ముక్కు నలిపిన వేలితోనే కన్ను నలిపితే చాలు, దానికి దారి దొరికినట్లే.

మన ఇళ్ళలో మాత్రం కురుపు కనబడగానే "వేడి చేసింది" అంటారు. ఆ మాటను నేను పూర్తిగా కొట్టిపారవేయను. ఆవకాయలు, పులుపు, వేపుళ్ళు, రాత్రి జాగరణ, మలబద్ధకం రక్తపిత్తాలను దూషింపజేస్తాయని మా శాస్త్రమే చెబుతున్నది. కాని మజ్జిగ తాగించి, చేతులు కడిగించకపోతే ఏమి ప్రయోజనం?

ఇక చికిత్స. దీనిలో ప్రధానమైనది కాపడం. శుభ్రమైన నూలుగుడ్డను ఓర్చుకోగలిగిన వేడినీటిలో ముంచి, పిండి, కన్ను మూసుకొని రెప్పపై ఉంచవలెను. గుడ్డ చల్లారగానే మరల ముంచవలెను. ఇట్లు 10 నుంచి 15 నిమిషాలు, దినమునకు మూడు నాలుగు పర్యాయాలు చేసినచో, గడ్డకట్టిన నూనె కరిగి, గ్రంథి ద్వారం తెరుచుకొని, చీము దానంతట అదే వెలువడుతుంది. నీటి వేడిని ముందు మణికట్టు లోపలివైపు పరీక్షించుకొనవలెను. కన్ను సున్నితమైన అవయవం గనుక దానికి స్వేదం మృదువుగానే చేయాలని, లేదా మానివేయాలని చరకాచార్యులు హెచ్చరించారు. ఇసుకమూట, ఉప్పుమూట, పెనంపై కాల్చిన గుడ్డ వంటివి కంటిపై పెట్టి రెప్ప కాల్చుకున్నవారిని నేను చూశాను. ఉంగరాన్ని అరచేతిలో రుద్ది కురుపుపై పెట్టే అలవాటు కూడా కాపడం వంటిదే. అందులో మేలు చేసేది వెచ్చదనమే గాని బంగారం కాదు. ఆ ఉంగరానికి అంటిన మురికి మాత్రం నిజం.

లవంగం అరగదీసి పెట్టడం, చింతగింజ గంధం పెట్టడం మన ప్రాంతాలలో అమ్మమ్మల నాటినుంచి ఉన్న అలవాటు. లవంగం తీక్ష్ణద్రవ్యం. కంట్లోకి జారితే నల్లగుడ్డుపై పొర దెబ్బతింటుంది. దానిని నేను పూర్తిగా నిషేధిస్తాను. చింతగింజ అంత తీక్ష్ణం కాదు గాని, పసుపు కొమ్ములు, మిరియాలు నూరిన సానరాతిపైనే దానిని అరగదీస్తారు. ఉల్లిరసం, సున్నం, చనుబాలు, పచ్చి తేనె కంట్లో వేయడం మరింత ప్రమాదకరం. పైపూత వేయాలని కోరేవారికి 'బిడాలకం' అనే పద్ధతి ఉన్నది. రెప్ప వెంట్రుకలను వదలి, మూసిన రెప్ప వెలుపల మాత్రమే పలుచగా పూసే లేపం ఇది. కాచి చల్లార్చిన నీటితో, కడిగిన సానపై తీసిన రక్తచందనం లేక అతిమధురం గంధం దీనికి చాలును. ఆరిపోకముందే తడిగుడ్డతో తుడిచివేయవలెను. కాపడానికి ఇది తోడు మాత్రమే. దానికి బదులు కాదు. శాస్త్రంలో ఈ వ్యాధికి మణిశిల చేరిన ఔషధం చెప్పబడింది. అది పాషాణ సంబంధమైన ద్రవ్యం. ఇంట్లో ఎవరూ దాని జోలికి పోరాదు.

మలబద్ధకం ఉన్నవారు రాత్రి పడుకునే ముందు మూడు గ్రాముల త్రిఫలాచూర్ణం గోరువెచ్చని నీటితో సేవించవచ్చును. గర్భిణీలు, విరేచనాలు అవుతున్నవారు, ఇతర మందులు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు. మందులదుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు ఎర్రదనాన్ని త్వరగా తగ్గిస్తాయి గనుక చాలామందికి ఇష్టం. అవి కంటిలో ఒత్తిడిని పెంచగలవు, శుక్లం తెప్పించగలవు. కంటి వైద్యుడు వ్రాయనిదే వాటిని వేసుకొనరాదు.

అన్నిటికన్న ముఖ్యమైన మాట: కురుపును గిల్లరాదు, పిండరాదు. పోయిన వేసవిలో ఎనిమిదేళ్ళ బాలుని నా వద్దకు తీసుకువచ్చారు. చీము కనబడుతున్నదని ఇంట్లో పెద్దలు రెండు వేళ్ళతో పిండారు. మరునాటికి జ్వరం, రెప్ప పూర్తిగా మూసుకుపోయి బుగ్గవరకు వాపు దిగింది. కన్ను కదిపితే బాలుడు ఏడుస్తున్నాడు. "మీరు ఏదైనా పసరు పోస్తారని వచ్చామండీ, ఆసుపత్రి అంటే భయం" అన్నాడు తండ్రి. ఆ క్షణమే కంటి ఆసుపత్రికి వెళ్ళమని చీటీ వ్రాసి, ఆటో కూడా నేనే పిలిపించాను. చీము రెప్ప వెనుకకు పాకితే చూపుకే గాక ప్రాణానికీ ముప్పు. నరం ద్వారా మందులు ఇచ్చారు. నాలుగు దినాలలో బాలుడు కోలుకున్నాడు. శస్త్రవైద్యుని వద్దకు పంపడం ఆయుర్వేదానికి అపచారమని కొందరి భావన. అంజననామికను సుశ్రుతుడు 'భేద్య' రోగాలలో, అనగా శస్త్రంతో కోయదగినవాటిలో చేర్చాడని వారికి గుర్తుచేస్తాను. ఆయన చెప్పినది శస్త్రం, గోరు కాదు.

జ్వరం, రెప్ప అంతటా వాపు, కన్ను కదిపితే నొప్పి, ఒకటి రెండుగా కనబడడం, చూపు మందగించడం, కనుగుడ్డు ముందుకు పొడుచుకురావడం: వీటిలో ఏది కనబడినా ఒక పూట కూడా ఆగరాదు. వారం దినాలు కాపడం పెట్టినా తగ్గనిచో చూపించుకొనవలెను. పెద్దవయసు వారికి ఒకే చోట గడ్డ మరల మరల వస్తున్నా, అక్కడి వెంట్రుకలు రాలిపోతున్నా ముక్క పరీక్ష చేయించవలెను. నూనెగ్రంథి కాన్సరు తరచు ఇట్లే కురుపు వేషంలో వస్తుంది.

నివారణకు ఖర్చేమీ లేదు. కురుపు ఉన్నన్నాళ్ళు కాటుక, కంటి అలంకరణ, కాంటాక్టు లెన్సులు మానవలెను. ఒకే కాటుకభరిణె తల్లీ కూతుళ్ళు పంచుకొనరాదు. సుర్మాలలో కొన్నింటిలో సీసం ఉంటుంది గనుక పసిపిల్లలకు అసలే వద్దు. తుండుగుడ్డ ఎవరిది వారికే ఉండవలెను. దిండుగలీబు తరచు మార్చవలెను. తలలో చుండ్రు ఉన్నవారికి రెప్పల అంచున కూడా పొట్టు చేరుతుంది. వారు చుండ్రుకు వైద్యం చేయించుకొని, దినమూ కాపడం తరువాత తడిగుడ్డతో రెప్ప అంచును మృదువుగా తుడుచుకొనవలెను. పెద్దలలో నెల నెలా కురుపు లేస్తుంటే రక్తంలో చక్కెర పరీక్షించుకొనవలెను. తియ్యవ్యాధి బయటపడినవారు నా రోగులలోనే ఉన్నారు. పిల్లలలో అయితే చూపు పరీక్ష చేయించండి. బడిలో నల్లబల్ల సరిగా కనబడని పిల్లవాడు కళ్ళు చికిలించి, మాటిమాటికీ నలుపుకుంటాడు. అటువంటివానికి కళ్ళజోడు వచ్చిన తరువాత కురుపులు కూడా తగ్గడం నేను పలుమార్లు గమనించాను.