పాత బొమ్మల రంగు గీకుతున్నారా? పిల్లలు జాగ్రత్త!

క్రిస్మస్ దగ్గర పడుతుంటే మన సత్తెనపల్లి ఇళ్లలో సున్నాలు, రంగుల పని మొదలవుతుంది. ఇనుప మంచం, గేటుతో పాటు పిల్లల పాత కారు బొమ్మలు, రైలు పెట్టెలు కూడా అటక మీద నుండి కిందికి దిగుతాయి. నమూనా బండ్లను సేకరించి, పాత రంగు తీసి, కొత్త రంగు వేసుకునే సరదా కొందరు యువకులకు ఉంది. మంచి సరదాయే. కాని ఆ రంగులో ఏముందో, దాన్ని తీసే మందు ఏం చేస్తుందో తెలుసుకున్న తరువాతే చెయ్యి పెట్టాలి.

పాత రంగులో సీసం

రంగు నిగనిగలాడడానికి, త్వరగా ఆరడానికి వెనుక సీసం కలిపేవారు. పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో ఇది ఎక్కువగా ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదనే నిబంధన 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు 2021 జనవరి నుండి తప్పనిసరి అయింది. అంతకు ముందు కొన్న వస్తువు మీద సీసం ఉండవచ్చని అనుకోవడమే క్షేమం. పెద్ద కంపెనీ బొమ్మ అయినా అంతే. 2007 ఆగస్టులో మాటెల్ కంపెనీ, రంగులో సీసం ఎక్కువగా ఉన్నందున 'సార్జ్' అనే లోహపు జీపు బొమ్మలను నాలుగు లక్షలకు పైగా వెనక్కు తీసుకుంది.

సీసం పెద్దల కంటే పసిపిల్లల ఒంటికి ఎక్కువగా పడుతుంది. రక్తహీనత, కడుపునొప్పి, మలబద్ధకం రావచ్చు. చదువులో వెనుకబడవచ్చు. గర్భిణి నుండి కడుపులోని బిడ్డకు కూడా చేరుతుంది. చాలామందిలో పైకి ఏ లక్షణమూ కనిపించదు, రక్తపరీక్షలోనే బయటపడుతుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదు అంటూ సీసానికి లేదు.

అందుచేత పాత రంగును మంట పెట్టి కాల్చకండి, పొడిగా గరుకు కాగితంతో రుద్దకండి. ఆ పొగ, ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతాయి. ముక్కుకు కట్టుకున్న జేబురుమాలు వాటిని ఆపలేదు. పసిబిడ్డ నోట్లో పెట్టుకునే పాత బొమ్మ అయితే రంగు తీసే ప్రయత్నమే వద్దు. పారవేయడం మేలు.

ఏ వస్తువుకు ఏది?

ప్లాస్టిక్: థిన్నర్, పెట్రోలు, గోళ్లరంగు తీసే ద్రవం ప్లాస్టిక్‌ను కరిగించేస్తాయి. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంత నయం. ముందు కనబడని మూలన ఒక చుక్క వేసి చూడండి. అద్దాల వంటి పారదర్శక ముక్కలు పగుళ్లు తీస్తాయి కనుక విడదీసి పక్కన పెట్టండి. మూత ఉన్న గాజు సీసాలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమండి. ఇది ఇట్టే అంటుకునే ద్రవం. పొయ్యి, దీపం, సిగరెట్టు దగ్గర ఉండకూడదు.

లోహం: చిన్న కారు బొమ్మలు ఎక్కువగా జింకు మిశ్రమంతో పోసినవి. కాస్టిక్ సోడా జింకును, అల్యూమినియాన్ని తినేస్తుంది. అప్పుడు వచ్చే హైడ్రోజన్ వాయువు మండుతుంది. కనుక వీటికి కాస్టిక్ వద్దు. రంగు తీసే మందు కొంటే డబ్బా మీద చదవండి. మిథిలీన్ క్లోరైడ్ ఉంటే ఇంటికి తేవద్దు. అది ఒంట్లోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదిలో ప్రాణాలు తీస్తుంది.

ఏది వాడినా ఇవి మరువకండి:
• ఆరుబయట, పిల్లలు లేని చోట చేయండి.
• రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి.
• రాలిన రంగును తడిగుడ్డతో ఎత్తి కవరులో మూటగట్టండి. పెరట్లో పోయవద్దు, కాల్చవద్దు.
• పని కాగానే చేతులు సబ్బుతో కడగండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.
• మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోయకండి. దాహం వేసిన పిల్లవాడికి అది కూల్‌డ్రింకే.

ప్రమాదం జరిగితే

మింగినట్లయితే: ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. కాస్టిక్ దిగేటప్పుడు ఒకసారి, పైకి వచ్చేటప్పుడు మరోసారి గొంతును కాలుస్తుంది. కిరోసిన్, థిన్నర్ అయితే ఊపిరితిత్తుల్లోకి జారతాయి. నిమ్మరసం, వెనిగర్ కూడా పోయవద్దు. నోరు కడిగించి, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, లేదా 108కి ఫోన్ చేయండి. బిడ్డ బాగానే ఆడుకుంటున్నాడని ఊరుకోవద్దు. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరువాత కూడా రావచ్చు.

కంట్లో పడితే: రెప్ప తెరచి 20 నిమిషాల పాటు ధారగా నీళ్లు పోయండి, ఆ తరువాతే బయలుదేరండి.

ఒంటి మీద పడితే: తడిసిన బట్టలు విప్పి బాగా నీళ్లు పోయండి. పసుపు, టూత్‌పేస్టు రాయవద్దు.

తల తిరిగితే: గాలి తగిలే చోటుకు చేర్చండి.

ఇంట్లో పాత రంగు గీకిన తరువాత బిడ్డకు తరచు కడుపునొప్పి వస్తున్నా, నీరసంగా ఉంటున్నా, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. దాన్ని బట్టే ఏ పరీక్ష చేయించాలో తెలుస్తుంది.